తెల్లబూజు రెండు గోతాలు

అమ్మణి కుప్పలో గుచ్చిన ఇనప కడ్డీని లాగి పట్టుకుంది. చెయ్యి కాలాలి. కాల్లేదు. వానలో తడిసిన గేటు ఊచలా చల్లగా ఉంది.

నాలుగు రోజుల వానకు తిరువొత్తియూరులోని ఆ ఎరువు షెడ్డు కప్పు కారి, చెత్తకుప్ప నడుమ దాకా తడిసిపోయింది. వేడి పోయింది. ఆ వేడిలోనే బతికి కొబ్బరిపీచునూ ఎండాకునూ తినేసే తెల్లబూజు కూడా పోయింది. ఎండాకు కలిపి తిరగేశారు, పేడనీళ్లు చల్లారు. కంపు పెరిగింది తప్ప వేడి పుట్టలేదు. సోమవారం కార్పొరేషన్ ఆఫీసరు గురుప్రసాద్ వచ్చి వేడి కొలుస్తాడు. ఈ షెడ్డూ, పక్క వార్డులో జెబ చూసుకునే షెడ్డూ, రెండిట్లో వేడి ఎక్కువున్నది ఒక్కటే ఉంచుతామని ఆయన అమ్మణిని పక్కకు పిలిచి చెప్పి వెళ్లాడు. ఓడిపోతే ఆరుగురు ఆడవాళ్లకు పని పోతుంది.

బుధవారం సాయంత్రం అమ్మణి రెండు ఖాళీ గోతాలు చంకన పెట్టుకుని ఆ జెబ దగ్గరికే పోయింది. చుట్టుపక్కల పొగలు కక్కే కుప్ప ఇంకోటి లేదు మరి.

"అక్కా, పెరుగుకు తోడడిగినట్టు అడగతా ఉండాను. మీ కుప్పలో బూజు కొంచెం ఇయ్యి. దీపాలు పెట్టే వేళ తోడియ్యకూడదంటారు, తెలుసు. నాకు వేరే దారి లేదు."

"మా ఇంట్లో ఆ పట్టింపు లేదులే," అంది జెబ. "మీ షెడ్డులో పనిచేసేది ఎంతమంది?"

"ఆరుమందిమి."

"ఈడ మేమిద్దరమే."

జెబ పైపైన గీకకుండా పారను కుప్ప పొట్టలోకి దించింది. తెల్లగా, ఆవిర్లు కక్కుతూ వచ్చిన ఎరువుతో రెండు గోతాలూ తొక్కి నింపింది. ఒక్క షెడ్డే మిగులుతుందన్న మాట అమ్మణి నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. ఇంత తీస్తే నీ కుప్ప చల్లబడదా అని మాత్రం అడిగింది. అది నేను చూసుకుంటాలే, ఆరిపోకముందే నువ్వు బయల్దేరు అంది జెబ.

తిరుగుదారిలో ఆటో తోలే ఏళుమలై గోతాల్లోంచి వచ్చే ఆవిరి చూసి, ఇడ్లీ కుండ ఎత్తుకొస్తున్నావా అని ఎగతాళి చేశాడు. అమ్మణికి నవ్వు రాలేదు.

ఆ తోడును కుప్ప నడుమ పూడ్చి, గోనెలు కప్పి, ఆరుగురూ కాచుకున్నారు. శనివారానికి గోరువెచ్చన. ఆదివారం కడ్డీ పట్టుకున్న అమ్మణి చెయ్యి చురుక్కుమనేసరికి వదిలేసి, అక్కడే కూలబడి ఏడ్చింది.

సోమవారం గురుప్రసాద్ థర్మామీటరు గుచ్చాడు. యాభై తొమ్మిది. సంతకం పెట్టాడు. జెబ షెడ్డులో ముప్పై ఎనిమిదే వచ్చిందనీ, రేపటినుంచి దానికి తాళమనీ చెప్పాడు.

అమ్మణి తల ఎత్తలేకపోయింది.

"తప్పు నాది సార్. ఒకటే ఉంచుతారని చెప్పకుండా ఆ అక్క దగ్గర బూజు తెచ్చుకున్నాను. తెలిసుంటే ఆమె ఇచ్చుండదు."

గురుప్రసాద్ కాగితాలు మడుస్తూ ఆగాడు.

"తెలీకపోవడమేందమ్మా? నీకంటే ముందు రోజే ఆమెకు చెప్పినానే."