గద్ద పోయిన మర్నాడు

ఒక పెరట్లో కోడిపుంజు ఒకే మాట మీద పార్టీ పెట్టింది: "గద్ద పోవాలి!" రోజూ పొద్దున్నే రోలెక్కి అదే అరిచేది. పెరట్లో కోళ్లన్నీ చేరి తలలూపేవి. అదే పెరట్లో ఉండే గిన్నికోడికి మాత్రం కడుపు మండిపోయేది. "గద్ద వస్తే ముందు అరిచేది నేను. దండాలు వీడికా?"

ఒకరోజు గద్ద కనబడగానే గిన్నికోడి గొంతు చించుకుని అరిచింది. ఆ అరుపుకి చుట్టుపక్కల కాకులన్నీ మూగి గద్దను ఊరు దాటించాయి.

మర్నాడు గిన్నికోడి గర్వంగా రోలెక్కింది. కింద ఒక్క కోడీ లేదు. భయం పోయాక సభ ఎవరిక్కావాలి? అన్నీ గింజలు ఏరుకుంటున్నాయి. పుంజు మాత్రం మూలన నిలబడి ఆకాశంలోకి చూస్తోంది.

"ఏం చూస్తున్నావురా?"

"మళ్ళీ వస్తుందేమోనని, అక్కా."

"సిగ్గు లేదూ?" అంది గిన్నికోడి. అని, రోలు దిగకుండానే తనూ మెడ చాచి పైకి చూసింది.