చెల్లని ఫారం

"మీరెందుకొస్తున్నారు బాబాయ్ ఇక్కడికి?"

"కూర్చోడానికమ్మా."

టెంటులో నవ్వులు లేచాయి. ఫారాల అమ్మాయి పెన్ను టకటకమని నొక్కింది.

బట్టల ఫ్యాక్టరీ కాలి నలభై రోజులైంది. మూడో అంతస్తులో పదకొండు మంది పోయారు. తలుపుకి బయట తాళం వేసి ఉందని కార్మికులు, లేదని కంపెనీ. గేటు ఎదురుగా టెంటు వేసి ధర్నాకి కూర్చున్నారు.

జనం ఉద్యమాల్లోకి ఎందుకొస్తారన్నది ఆ అమ్మాయి పరిశోధన. ఫారంలో నాలుగు గడులు. కోపం, నష్టం, తోడు, ఆశ. రెండు వందల ఫారాలు కావాలి. నూట తొంభై తొమ్మిది వచ్చాయి.

"ఏదో ఒకదానికి టిక్కు పెట్టండి. పేరు కూడా రాయక్కర్లేదు."

ఆయన నల్లబూట్ల కాళ్ళు ముడుచుకుని, ఫారాన్ని పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూశాడు.

"నాది ఇందులో లేదమ్మా."

"మీవాళ్ళెవరైనా పోయారా?"

"లేదు."

"ఫ్యాక్టరీలో చేశారా?"

ఆయన గొంతు సవరించుకున్నాడు. ఈలోగా ఇస్త్రీ సెక్షన్ మామయ్య అందుకున్నాడు.

"నీడ కోసం వస్తున్నాడందామంటే ఎండలోనే కూర్చుంటాడు తల్లీ! ఈయన్ని ఏ గడిలో పెడతావో పెట్టు!"

మళ్ళీ నవ్వులు.

"రేపు రాసుకొస్తాను," అని ఆయన ఫారం జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు నాలుగు మడతలు పెట్టి తెచ్చిచ్చాడు. ఆ అమ్మాయి విప్పి చూసింది. నాలుగు గడులూ ఖాళీ. ఖాళీ ఫారాలకి ఆమె దగ్గర వేరే కవరుంది. పైన 'చెల్లనివి' అని రాసి ఉంటుంది. అందులో పడేసింది.

ఆ మధ్యాహ్నం కాజా అక్క పిలిచింది. ఫ్యాక్టరీలో చొక్కాలకి కాజాలు కుట్టేది. పోయిన పదకొండు మందిలో ఆమె చెల్లెలుంది. టెంటు నడిపేది ఆవిడే. కూర్చోలేక టెంటు తాడు ముడులు విప్పుతోంది, మళ్ళీ వేస్తోంది.

"ఎల్లుండే విచారణ. తాళం చూసినవాళ్ళని తెమ్మంటున్నారు. చూసినవాళ్ళంతా కాలిపోయారని చెబితే కాగితం మీద రాసుకుని ఊరుకున్నారు. మన మాటలేమో కంపెనీకి ముందే తెలిసిపోతున్నాయి. ఎవడో మోస్తున్నాడు."

"ఎవరక్కా?"

"ఆ బూట్లాయన ఫారంలో ఏం పెట్టాడు?"

"ఏమీ లేదక్కా. అన్నీ ఖాళీ."

"కారణం లేకుండా ఎవడైనా ఇరవై రోజులు ఎండలో కూర్చుంటాడా? నువ్వు చదువుకున్నదానివి, చెప్పు."

ఆ అమ్మాయి ఫారాల కట్ట వైపు చూసింది. నూట తొంభై తొమ్మిది మందికీ ఏదో ఒక టిక్కు ఉంది.

"కూర్చోరక్కా."

"నేను మొదట్నుంచీ అంటూనే ఉన్నా," అన్నాడు మామయ్య. "ఆ బూట్లు చూడండి. పోలీసు బూట్లు కావూ అవి?"

కాజా అక్క తాడు వదిలి విసవిసా నడిచింది. వెనకే పదిమంది లేచారు.

"ఎవరు పంపారయ్యా నిన్ను?"

"ఎవరూ పంపలేదమ్మా."

"మరెందుకొచ్చావ్?"

ఆయన ఫారాల అమ్మాయి వైపు చూశాడు.

"ఆ పాపకి రాసిచ్చాను. మీరు చూడలేదా?"

"చూశాం. చూశాకే వచ్చాం. లే, నడు!"

ఆయన వాళ్ళ మొహాల్లోకి చూశాడు. లేచి ప్యాంటు దుమ్ము దులుపుకున్నాడు.

"చూశాక కూడా పొమ్మంటే... న్యాయమేనమ్మా. మీ చోట నేనున్నా అదే అంటాను."

"నాటకాలాపు!" అన్నాడు మామయ్య.

ఆయన రోడ్డు దాటి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

సోమవారం విచారణ అరగంటలో ముగిసింది. తాళం వేశారనడానికి ఆధారం లేదన్నారు. కాజా అక్క మెట్ల మీద చెల్లెలి ఫొటో ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. సాయంత్రానికి టెంటు విప్పేశారు.

ఆ అమ్మాయి గదికొచ్చి ఫారాలు లెక్కపెట్టింది. ఒకటి తక్కువ. ఎవరు చూడొచ్చారని 'చెల్లనివి' కవరు విప్పి, బూట్లాయన ఫారం బల్ల మీద పరిచి, 'కోపం' గడిలో పెన్ను పెట్టింది.

గీత సాఫీగా సాగలేదు. కాగితం ఎగుడుదిగుడుగా ఉంది. అవతలి వైపు ఎవరో నొక్కి రాసినట్టు.

తిరగేసింది.

"అగ్గి రేగిన రోజు వాచ్‌మన్ బదులు ఒక్కపూట డ్యూటీకొచ్చింది నేనే. మేనేజరు చెబితే మూడో అంతస్తుకి తాళం వేశాను. నోటితో చెప్పాలని రోజూ వస్తున్నాను, మీ మొహాలు చూస్తే మాట రావడం లేదు. విచారణకి నన్ను తీసుకెళ్ళండి, చెబుతాను."