కళ్లు చూసి తెచ్చిన కుక్క

విజయనగరంలో ఫార్మసీ చదువుతున్న సుహాసిని కాలేజీ నుంచి వచ్చేసరికి, ఆమె ఫ్లాటు తలుపు ముందు కింది వాటా దాలమ్మ కాళ్లు బారజాపుకుని కూర్చుని ఉంది. కుక్క అరుస్తోందని ఫిర్యాదుకే వచ్చిందనుకుని సుహాసిని మొహం చిట్లించింది. చేపలమ్ముకునే మనిషికి లాబ్రడార్ విలువేం తెలుస్తుంది?

"కుక్కన్నాక అరవదా? ఎంత వెతికితే దొరికిందో తెలుసా? ఆ కళ్లు చూసే తెచ్చుకున్నాను."

"కళ్లు సూసి తెచ్చినావు. దానికి రోజంతా గోడలు సూపిస్తన్నావేటి?" దాలమ్మ లేవలేదు. "నువ్వెల్లిన కాడ్నించి ఒకటే ఏడుపు. సేపలమ్ముకొచ్చి రోజూ ఈడే కూకుని మాటాడతన్నాను. నా గొంతు ఇంటే ఊరుకుంటాది."

అప్పుడు చూసింది సుహాసిని. దాలమ్మ వేళ్లు తలుపు కింది సందులో ఉన్నాయి. లోపలి నుంచి కుక్క వాటిని నాకుతోంది.

సుహాసిని గొంతు తగ్గింది. బ్యాగులోంచి రెండో తాళంచెవి తీసి ఇవ్వబోయింది. "రేపట్నుంచి తలుపు తీసుకోండి, పిన్నీ."

దాలమ్మ దానికేసి చీదరగా చూసింది. "పనిమనిసిని ఎతుక్కుంతన్నావేటి? కాలేజీ అయినాక ఊరంతా తిరగడం మానేసి తిన్నగా ఇంటికి రా."

మోకాళ్లు పట్టుకుని లేచి మెట్లు దిగింది.

సుహాసిని తలుపు తీసి చేతులు చాపింది. కుక్క ఆమెను దాటుకుని పరుగెత్తి, మెట్ల దగ్గర ఆగి కిందికి చూస్తూ నిలబడింది.