పగటి జాగారం

"మగవాళ్లు ఎడమ పక్క, ఆడవాళ్లు కుడి పక్క. ఇది వృద్ధాశ్రమం, సినిమా హాలు కాదు. లేవండి," అన్నాడు మేనేజరు శేషసాయి, ఆడవాళ్ల వరసలో కూర్చున్న దేవరాజులుని వేలితో చూపిస్తూ.

దేవరాజులు లేవలేదు. పక్క కుర్చీలో చంద్రకాంతమ్మ నల్లద్దాలు పెట్టుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"నేను లేస్తే ఈయమ్మకు సినిమా ఎవురు చెప్తారు సార్?"

ఆ రోజు ముక్కోటి ఏకాదశి. తిరుపతి అంతా రాత్రికి జాగారం చేస్తూ సినిమాలు చూస్తుంది. అలిపిరి దారిలోని ఈ ఆశ్రమంలో మాత్రం రాత్రి తొమ్మిదికే గురకలు మొదలవుతాయి కాబట్టి జాగారాన్ని పగటికి మార్చుకున్నారు. భోజనాల హాలు కిటికీలకు దుప్పట్లు కట్టి చీకటి చేస్తారు. టీవీ, వీడియో డెక్కు అద్దెకు తెస్తారు. పట్టపగలు మేలుకుంటే పుణ్యం ఎక్కడిదని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. ప్రతి పండక్కీ ఒక సినిమా పడితే చాలు.

"మన ఆయా రంగప్రియ చెబుతుందిలెండి," అన్నాడు శేషసాయి.

"ఆ పిల్ల చెప్తే రేడియోలో వార్తలు చదివినట్టుంటాది నాయనా," అంది చంద్రకాంతమ్మ. "ఒకాయన వచ్చినాడు, ఒకామె ఏడిసింది, అంతే. దానికి నేను గదిలో పండుకుంటే పోలా?"

రంగప్రియకే నవ్వొచ్చింది. శేషసాయికి రాలేదు.

"దసరా ముందు కంటి ఆపరేషన్ చేయించాం కదమ్మా?"

"చేయించినారు. అద్దాలు మిగిలినాయి."

శేషసాయి నిట్టూర్చాడు. "సరే, చూపు లేని మనిషని ఒప్పుకుంటున్నా. ఆమెకు చూపొచ్చిన రోజు మీ కుర్చీ ఎడమ పక్కకి వెళ్తుంది. గుర్తుంచుకోండి దేవరాజులు గారూ."

"అట్లే సార్."

ఆ రోజు రావాలని కోరుకున్నాడు దేవరాజులు. రాకూడదనీ కోరుకున్నాడు. వెంటనే తన మీద తనకే సిగ్గేసింది. కానీ ఏం చేస్తాడు? మగవాళ్ల బ్లాకుకీ ఆడవాళ్ల బ్లాకుకీ మధ్య ఇనుప గేటు ఉంది. పండగకీ పండగకీ నడుమ ఆయన బతుకంతా ఈ రెండున్నర గంటల కోసం ఎదురుచూడటమే. అందుకే తెల్లారకముందే లేచి గడ్డం గీసుకున్నాడు. ఉన్న ఒక్క తెల్లచొక్కా వేసుకుని, ఊడిన పైగుండీకి బదులు పిన్నీసు పెట్టుకున్నాడు.

సినిమా మొదలైంది. కలర్ టీవీ తెచ్చి నలుపు తెలుపు సినిమా వేశారు. రంగులు దేవరాజులు వేశాడు.

"ఆయమ్మ వానలో నిలబడుకోనుండాది. ఎర్ర చీర."

"ఎట్లాంటి ఎరుపు?"

"దానిమ్మ గింజ ఎరుపు. అంచు పచ్చది."

"బాగుంటాది," అంది చంద్రకాంతమ్మ నవ్వుతూ.

పెళ్లయిన మూడో రోజే విడిపోయిన మొగుడూ పెళ్లాల కథ అది. ముప్పై ఏళ్లు ఒకరికోసం ఒకరు ఊళ్లు తిరిగి, చివరికి ఒక రైల్వే స్టేషన్లో కలుస్తారు. కలిసిన నిమిషానికే ఆమె అతని ఒళ్లో తల పెట్టి కన్ను మూసింది. మాటల్లేవు. వయొలిన్లు మాత్రం హాలంతా ఏడుస్తున్నాయి.

దేవరాజులు చెప్పడం ఆపేశాడు. పోయిన ఉగాది నాటి సినిమాలో తల్లి చచ్చిపోతే, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. చంద్రకాంతమ్మ రెండు రోజులు ముద్ద ముట్టలేదు. అప్పటి నుంచీ ఆయన సినిమాల్లో ఎవరూ చావరు.

"ఏమైందప్పా? నిలిపేసినావే?" అంది ఆమె.

"రైలొచ్చింది," అన్నాడు గొంతు సవరించుకుని. "ఆయప్ప చెయ్యి పట్టి ఆయమ్మను ఎక్కించినాడు. కిటికీ పక్క సీటు ఇచ్చినాడు. ఇద్దరూ పోతా ఉండారు."

"మరి ఆ వయొలిన్లు అట్లా ఏడస్తా ఉండాయే?"

"అది రైలు కూతతో కలిసేతలికి అట్లుంటాది."

"ఈ హాల్లో వాళ్లంతా ముక్కులు చీదతా ఉండారే?"

"సంతోషం పట్టలేక."

"అట్లనా," అంటూ చంద్రకాంతమ్మ అద్దాల కింద కొంగు పెట్టి తుడుచుకుంది.

"నువ్వెందుకు ఏడస్తా ఉండావు?" అన్నాడు కంగారుగా.

"సంతోషమని నువ్వే అంటివే."

కిటికీల దుప్పట్లు విప్పేశారు. ఎండ లోపలికొచ్చింది. దేవరాజులు ఆమె చెయ్యి పట్టుకుని మెల్లగా ఇనుప గేటు దాకా నడిపించాడు. అంత నెమ్మదిగా నడవాల్సిన దూరం కాదది. గేటు దగ్గర చెయ్యి వదలక తప్పలేదు.

"ఆ రైలు యాడికి పోయింటుందప్పా?" అంది ఆమె.

"ఇద్దరూ ఎక్కినారు గదా. యాడికైతే ఏమి?"

"నిజమే." ఆమె గేటు దాటి ఒక అడుగు వేసింది. ఆగింది. అటూ ఇటూ చూసి, వెనక్కి తిరిగి గొంతు తగ్గించింది.

"దీపావళికీ ఆ పిన్నీసే, ఇప్పుడూ ఆ పిన్నీసేనా? రేపు ఆ చొక్కా ఈ గేటు సందులోంచి ఇయ్యి, గుండీ కుడతా. సారుకు మాత్రం చెప్పొద్దప్పా."