వైరు పీకినా

పాప తొలి పుట్టినరోజు వీడియోను కింద హాల్లో టీవీలో చూపించాలని, చక్రధర్ పొద్దుటి నుంచీ మేడ మీద కంప్యూటర్‌తో కుస్తీ పడుతున్నాడు. టీవీకి తగిలించిన కొత్త ప్లేయర్ దాకా వైరు కూడా లాగాడు.

"కనిపిస్తాండాదా?" మెట్ల మీంచి కేకేశాడు.

"యాడండీ! ఖాళీగా ఉండాది," రిమోట్ పట్టుకున్న భార్య భానుశ్రీ కింద నుంచి అరిచింది.

నాలుగుసార్లు అడిగినా అదే జవాబు. విసుగెత్తి, వీడియోల ఫోల్డర్ ఒక్కటే కాకుండా డ్రైవ్ మొత్తం షేర్ చేసి పారేశాడు.

"వచ్చినాయి! అన్నీ వచ్చినాయండీ!" ఒక్కొక్కటే తెరుస్తూ పోయింది. ఉన్నట్టుండి గొంతు మారింది.

"ఇదేందండీ, వేలూరు ఆసుపత్రి రిపోర్టు?"

ఇంకో డాక్టరుకు పంపడానికి ఫోటోగా స్కాన్ చేసి దాచిన కాగితమది. ఆమెకు మాత్రం వట్టి అల్సరేనని చెప్పాడు.

చక్రధర్ గబుక్కున వైరు పీకేశాడు. వీడియో అయితే ఆగిపోయేదే. అప్పటికే ప్లేయర్‌లోకి పూర్తిగా వచ్చేసిన ఫోటో కావడంతో టీవీ నిండా అలాగే నిలిచిపోయింది.

"పోయిందా?" మెట్ల దగ్గరికొచ్చి అడిగాడు.

"లేదండీ, బాగా కనిపిస్తాండాది. పైన నా పేరే ఉండాది. కిందికి రాండి. అల్సరని యాడ రాసినారో చూపించండి."