పల్లం వైపు

“చూశావా? ఎక్కడా ఆయాసం లేదు,” అంది కసిల్దా, సైకిల్ తొక్కుతూనే వెనక్కి తిరిగి.

ఎలాడియో నవ్వాడు. ఏడుపు ఆపుకోవడానికి అతనికి తెలిసిన ఉపాయం అదొక్కటే.

మా వైపు డాక్టర్లు చావుకబురు రోగికి చెప్పరు. ఇంట్లోవాళ్లని పక్కకి పిలిచి చెబుతారు. భార్య కసిల్దా జబ్బు ముదిరిపోయింది, ఈ చలికాలం దాటదు అని అతని చెవిన వేశారు. ఆమెతో రక్తం తక్కువైందన్నారు, అంతే. కారేసుకుని నాలుగు ఊళ్లు తిరిగొద్దామని ఎలాడియో అంటే వెంటనే ఒప్పుకుంది.

ఆ తిరుగుడులోనే ఈ దారి తగిలింది. ఒకప్పుడు ఆలివ్ నూనె మోసిన రైలుమార్గం. పట్టాలు పీకేసి సైకిళ్లకి వదిలేశారు. ఇది తొక్కగలిగితే వచ్చే ఏడు గలీసియాలో చెల్లెలి దగ్గరికి వెళదామంది కసిల్దా. పై స్టేషన్ నుంచి మొదలుపెడదాం, అటు నీడ ఎక్కువని కూడా తనే అంది.

ఎలాడియోకి ప్రాణం లేచొచ్చింది. అటునుంచి దారంతా పల్లమే. రైలుదారి వాలు కంటికి ఆనదు, కాళ్లకే తెలుస్తుంది. సైకిళ్లు అద్దెకిచ్చిన హినేస్ కింది స్టేషన్‌కి వ్యాన్ తెస్తాడు, ఎదురు తొక్కే పనుండదు. ఒంట్లో బలం తిరిగొచ్చిందనుకుని ఆమె నాలుగు రోజులు సంతోషంగా ఉంటే చాలు. అంతకుమించి దేవుణ్ణి అడగడానికి ఏమీ మిగల్లేదు. హినేస్‌కి ఓ మాట చెప్పి ఉంచుదామంటే, పొద్దున కసిల్దా అతన్ని వదిలితేగా! సైకిళ్ల గురించి ఏదో అడుగుతూనే ఉంది.

సొరంగం దాటగానే ఆమె ఆగింది. కాసేపు కూర్చుందామంది. పాపం అలసిపోయింది అనుకున్నాడు. అతనికీ ఎడమ భుజం లాగుతోంది గానీ, అది వట్టి గ్యాసేనని ఆమె ఎప్పుడో తేల్చేసింది. సీసా మూత తీసి ముందు అతనికే నీళ్లిచ్చింది.

“గలీసియాలో అన్నీ కొండలే. నా వెనక తొక్కలేక చతికిలబడతావేమో, ముసలోడా.”

“నీతో ఎక్కడికైనా వస్తా,” అన్నాడు. ఆమె మొహం తిప్పుకుని ఆలివ్ తోటల వైపు చాలాసేపు చూసింది.

కింది స్టేషన్ ఇప్పుడు బార్. టమాటా పూసిన రొట్టెలు చెప్పడానికి కసిల్దా లోపలికెళ్లింది. ఆ సందు చూసుకుని ఎలాడియో వ్యాన్ దగ్గరికి పోయాడు.

“నీకు దండం పెడతా బాబూ. ఇదంతా పల్లమని మా ఆవిడకి చెప్పకు. జబ్బు నయమైపోయిందనుకుంటోంది.”

సైకిల్‌కి తాడు బిగిస్తున్న హినేస్ అయోమయంగా తలెత్తాడు.

“అదేంటండీ, పొద్దున ఆవిడ కూడా నా చేతులు పట్టుకుని, ‘ఇదంతా పల్లమని మా ఆయనకి చెప్పకు బాబూ, తన గుండెకేమీ కాలేదనుకుంటున్నాడు’ అంటేనూ!”