ఉప్పు గీత

పాలకూర మడి గట్టు వెంట ఎవరో తెల్లగా ఉప్పు గీత పోశారు.

గీత చివర తడి గోనెసంచి. దాని కింద బొప్పాయి ముక్కలు.

ధనరాజ్ అక్కడే ఆగిపోయాడు.

తుర్కయంజాల్‌లో చుట్టూ ప్లాట్లు పడినా అతను అమ్మకుండా ఉంచుకున్నవి ఈ పది గుంటలే. ఈ ఆకు దిల్‌సుఖ్‌నగర్ మార్కెట్ చేరితేనే ఇల్లు గడుస్తుంది. నెలరోజులుగా ఆఫ్రికా నత్తలు కాడ కూడా మిగల్చడం లేదు.

మడిలో ఎవరో ముసలాయన వంగి ఉన్నాడు. పక్కన బకెట్టు నిండా నత్తలు.

"నువ్వేనా నత్తలు తెచ్చి పోసేది? నా భూమిల చేతబడి చేస్తున్నవా?"

గుడిలో పెట్టుకున్న బొట్టు ధనరాజ్ నుదుట ఇంకా ఆరలేదు. చేతిలోని పార తిరగేసి కట్టెతో వీపు మీద కొట్టాడు.

"జర ఆగు బిడ్డా, చెప్పనియ్యి."

రెండో దెబ్బకు అడ్డుపెట్టిన చెయ్యి విరిగింది. మూడోది తల మీద పడింది. కిందపడ్డవాణ్ణి డొక్కలో తన్నాడు. బకెట్టు దొర్లి, కాళ్ల కింద నత్తలు పటపట పగిలాయి.

ఉప్పు ఎర్రబడింది.

పక్క మడి నుంచి రామస్వామి పరుగెత్తుకొచ్చాడు. రైతుల సంఘం పెద్ద ఆయన. నత్తలు ఏరించడానికి గుంటకు వంద చొప్పున వసూలు పెట్టింది ఆయనే. నత్తలకు కూడా పన్నా అని ధనరాజ్ ఆయన్ను రెండుసార్లు వెళ్లగొట్టాడు.

"ఏం జేసినవురా? ఈయన జానయ్య. బొప్పాయి ఎరేసి నత్తలు ఏరనీకి మేం పెట్టుకున్న మనిషి."

"నేను పైసలు కట్టలే. నా మడిలకెందుకొచ్చిండు?"

రామస్వామి రోడ్డు మీది ఆటోను పిలిచాడు. ఇద్దరూ ముసలాయన్ని ఆటోలోకి ఎత్తారు.

దారిలో జానయ్య ఒకసారి కళ్లు తెరిచాడు.

"ఆ ఉప్పు చెరపకు బిడ్డా. మళ్ల లోపటికొస్తయి."

ఎల్బీనగర్ దవాఖాన చేరేసరికి ఊపిరి ఆగిపోయింది.

నర్సు జానయ్య జేబులోని కాగితం తెచ్చి ఇచ్చింది. సంఘం రసీదు. పది గుంటలు, వెయ్యి రూపాయలు.

పేరు దగ్గర ధనరాజ్ అని ఉంది.

"నేను కట్టలే" అన్నాడు ధనరాజ్, నెత్తురు చేతులతో రసీదు పట్టుకుని.

రామస్వామి గోడ వైపు తిరిగాడు.

"కట్టనోళ్ల మడి ముట్టొద్దన్నం. ఒక్క మడి ఇడిస్తే అందరివీ పోతయని, ఆయన రెండు దినాల కూలి నీ పేరున రాయించిండు."